టేపు చుట్టక ముందే పూర్తి కావలసిన జాయింటు: ఇంటి వైరింగులో వైర్లు కలిపే పద్ధతి

విశాఖపట్నం పెద వాల్తేరులోని మా ఇంట్లో, మేడ మీది స్నానాలగది దగ్గర రెండేళ్ల కిందట మూడు రోజులపాటు చేపల వాసన వచ్చింది. పక్క వాటాలోని వారు ఆదివారం వచ్చిందంటే వంజరం తెచ్చుకుంటారు కాబట్టి ఆ వాసనను మేమెవ్వరమూ పట్టించుకోలేదు. మంగళవారం ఉదయం గీజరు వేసి ఉండగా అదే వాసన స్విచ్ బోర్డు దగ్గర ఘాటుగా తగిలాక గానీ నాకు అనుమానం రాలేదు. స్విచ్చులలోనూ బోర్డులలోనూ వాడే బేకలైటు వంటి పదార్థాలు అతిగా వేడెక్కినప్పుడు తరచుగా వచ్చేది చేపల వాసనే. చేపలు తినే ఊరిలో ఇది పెద్ద చిక్కు. మెయిన్ ఆపి బోర్డు విప్పి చూస్తే, గోడలోని పెట్టెలో ఒక జాయింటు కనిపించింది. అంతకు ముందు గీజరును రెండడుగులు పక్కకు జరిపినప్పుడు వైరు చాలకపోతే, పనికి వచ్చినవారు ఒక ముక్క అతికించి, రెండు మెలికలు తిప్పి, పైన టేపును మాత్రం నిమ్మకాయంత ముద్దగా చుట్టి వెళ్లారు.

ఆ టేపు విప్పుతుంటే జిగురు తారులాగా వేళ్లకు అంటుకుంది. లోపలి రాగి పోగులలో కొన్ని నల్లబడి ఉన్నాయి, కొన్నింటికి పచ్చని పొడి పట్టింది, గోటితో కదిపితే రెండు పోగులు విరిగి పడ్డాయి. జాయింటుకు ఇరువైపులా అంగుళం మేర ఎర్ర ఇన్సులేషన్ గోధుమ రంగుకు తిరిగి, వంచితే పెళుసుగా పగిలింది. ఇంత జరుగుతున్నా డీబీలోని, అంటే ఇంటి మెయిన్ పెట్టెలోని, ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే తానే పడిపోయే స్విచ్చు) ఒక్కసారి కూడా పడిపోలేదు.

పడిపోకపోవడంలో ఎంసీబీ తప్పు లేదు. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల వద్ద సుమారు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. జాయింటు బాగున్నా బాగాలేకున్నా ఆ సర్క్యూట్లో పారేది దాదాపు అంతే కాబట్టి 16 ఆంపియర్ల ఎంసీబీకి అందులో తప్పేమీ కనిపించదు. అయితే వదులైన జాయింటులో 0.3 ఓముల నిరోధం ఏర్పడినా, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే సుమారు 23 వాట్ల వేడి ఆ వేలెడంత చోటనే పుడుతుంది. రేడియో మెకానిక్కులు సీసం కరిగించడానికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. అంటే ఇంచుమించు ఒక సోల్డరింగ్ ఐరన్‌ను గోడలో పెట్టి, దాని మీద టేపు చుట్టి, మూత వేసినట్టే. మామూలు పీవీసీ ఇన్సులేషన్‌కు 70 డిగ్రీల సెల్సియస్ దాకానే హామీ ఉంటుంది. ఇక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే కాపాడేది కదా అని కొందరు అడుగుతారు. అది ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటుకూ మధ్య తేడాను చూసి, తేడా వస్తే సరఫరాను తెంపే పరికరం. వదులు జాయింటులో కరెంటు బయటికి కారదు, దారిలోనే వేడిగా మారుతుంది. కనుక అదీ ఊరుకుంటుంది. మనుషుల ప్రాణాలకు ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి గానీ, చెడ్డ జాయింటుకు అది మందు కాదు.

ఈ వ్యాసంలో నేను పదేపదే చెప్పబోయేది ఒకటే విషయం. టేపు జాయింటును కప్పుతుంది, పట్టి ఉంచదు. టేపు లేకుండా చేత్తో గట్టిగా లాగినా కదలని జాయింటుకు మాత్రమే టేపు చుట్టాలి.

పనికి ముందు

మన దేశపు విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటి వాటిని ఉన్నవి ఉన్నట్టుగా మార్చుకోవడం తప్ప, వైరింగులో చేర్పులు, మార్పులు, మరమ్మతులు లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత, అర్హత గలవారి పర్యవేక్షణలో చేయించాలి. ఈ వ్యాసం ఆ నిబంధనను తప్పించుకోవడానికి కాదు. అయితే మన ఇళ్లలో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్నంతసేపూ పక్కన టార్చి పట్టుకుని నిలబడేది మనమే. ఏది సరైన జాయింటో తెలిస్తే, మూత బిగించకముందే ఒక మాట అడగగలుగుతాం. మీటరు, దాని సీలు, స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరు మాత్రం ఎవ్వరూ ముట్టకూడదు. అక్కడ నిప్పురవ్వలు కనిపించినా, వైరు వేలాడుతున్నా 1912కు ఫోను చేసి ఈపీడీసీఎల్ (మా ప్రాంతపు విద్యుత్ పంపిణీ సంస్థ) సిబ్బందినే పిలవాలి.

కరెంటు ఆపడమంటే ఆ గది ఎంసీబీ ఒక్కటి దించడం కాదు, మెయిన్ ఆపడం. దీనికి ఒక కారణం ఉంది. గదికి వెళ్లే చిన్న ఎంసీబీ చాలా ఇళ్లలో ఫేజునే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే ఉండిపోతుంది. పొరపాటున వేరే సర్క్యూట్ న్యూట్రల్ జాయింటు విప్పితే, అటు ఫ్యానో లైటో వేసి ఉన్న పక్షంలో, విడిపోయిన ఆ నల్ల వైరు కొనకు ఉపకరణం గుండా ఫేజు వచ్చి నిలబడుతుంది. నల్ల వైరు షాక్ కొట్టదని నమ్మి దెబ్బతిన్నవారు కొత్తవారిలోనే కాదు, అనుభవం ఉన్నవారిలోనూ ఉన్నారు.

మెయిన్ ఆపాక కూడా ఇంట్లో కరెంటు ఉండవచ్చు. మెయిన్ దించగానే ఇన్వర్టరు అందుకుని లైట్లకూ ఫ్యాన్లకూ అదే 230 వోల్టులు పంపడం మొదలుపెడుతుంది. తుపాన్ల భయం ఉన్న ఈ ఊరిలో, అందులోనూ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక రోజుల తరబడి చీకటిలో గడిపినవారి ఇళ్లలో, ఇన్వర్టరు లేని ఇల్లు అరుదు. కనుక ఇన్వర్టరు స్విచ్చు ఆపి, దాని అవుట్‌పుట్ వైరును కూడా విడదీయాలి. మేడ మీద సోలార్ పలకలు ఉంటే వాటి ఐసోలేటరునూ, అంటే వాటి సరఫరాను విడదీసే స్విచ్చునూ, ఆపాలి. రెండు మూడు వాటాల ఇళ్లలో ఒక వాటా న్యూట్రల్‌ను ఇంకో వాటాకు వాడుకున్న సందర్భాలు ఉంటాయి కాబట్టి పక్క వాటా మెయిన్ సంగతీ చూడాలి. ఆపిన మెయిన్‌ను ఎవరూ తెలియక ఎత్తకుండా డీబీ తలుపుకు టేపు అతికించి, దాని మీద ‘పని జరుగుతోంది’ అని రాయండి. మా ఇంట్లో సీరియల్ వేళకు ఈ కాగితం ఎంత అవసరమో నాకు తెలుసు.

కరెంటు లేదని నిర్ధారించుకోవడానికి జేబులోని నియాన్ టెస్టరు ఒక్కదాన్నే నమ్మకూడదు. పొడి చెక్క బల్ల మీదో ప్లాస్టిక్ స్టూలు మీదో నిలబడితే కరెంటు ఉన్నా అది మసకగా వెలగవచ్చు, లోపలి బల్బు పోయి ఉంటే అసలు వెలగదు. పక్క వైరు నుంచి ప్రేరితమైన వోల్టేజికి, కరెంటు లేకున్నా వెలగవచ్చు. మల్టీమీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, మెయిన్ ఆపకముందు కరెంటు ఉన్న ప్లగ్గులో ఒకసారి చూడాలి. మెయిన్ ఆపాక పని చేయబోయే చోట ఫేజుకూ న్యూట్రల్‌కూ, ఫేజుకూ ఎర్తుకూ, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య చూడాలి. ఆ తరువాత మీటరు మధ్యలో పాడవలేదని తేల్చుకోవడానికి కరెంటు ఉన్న మరో చోట, పక్క వాటా ప్లగ్గులోనైనా సరే, మళ్లీ చూడాలి. ఈ మూడో చూపును దాదాపు అందరూ వదిలేస్తారు.

రంగుల విషయంలో ఒక హెచ్చరిక. మన గోడలలోని స్థిర వైరింగులో ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. ఉపకరణాలతో వచ్చే ఫ్లెక్సిబుల్ కేబుళ్లలో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది ఎర్తు. అంటే మూడు ఫేజుల ఇంట్లో గోడలోని నీలం వైరు ఫేజు కాగా, ఏసీ నుంచి వచ్చిన నీలం వైరు న్యూట్రల్. నీలానికి నీలం కలపడం ఎంత సహజంగా అనిపిస్తుందో అంత ప్రమాదం. పైగా పాత ఇళ్లలో వైరు చాలనప్పుడు చేతికి ఏ రంగు దొరికితే ఆ రంగు లాగి ఉంటారు. కాబట్టి రంగును ఆధారంగా కాక సూచనగా మాత్రమే తీసుకుని, మీటరుతో తేల్చుకున్నాకే కలపాలి.

అసలు జాయింటు అవసరమా

అన్నిటికంటే మంచి జాయింటు వేయకుండా మిగిలిపోయినదే. పెట్టె నుంచి పెట్టె దాకా ముక్క లేని వైరు లాగే వీలుంటే అలాగే చేయాలి. కన్సీల్డ్ పైపులలో, అంటే గోడలో దాగిన పైపులలో, పాత వైరు కొనకు కొత్త వైరును కట్టి, రెండో వైపు నుంచి లాగితే పాతది బయటికి వస్తూ కొత్తదాన్ని లోపలికి తీసుకువెళ్తుంది. మా గీజరుకు చివరకు చేసింది ఇదే; వైరుకు అయిన ఖర్చు ఆ నెల కూరగాయల ఖర్చులో సగం కూడా లేదు. జాయింటు తప్పనప్పుడు అది జంక్షన్ బాక్సులోనో స్విచ్ బోర్డు పెట్టెలోనో ఉండాలి, మూత తీస్తే కనిపించాలి. పైపు మధ్యలోగానీ, ప్లాస్టరు కిందగానీ, ఫాల్ సీలింగ్ మీద గాలిలో వేలాడుతూగానీ ఉండకూడదు.

కలపబోయే రెండు వైర్ల మందమూ చూడాలి. లైట్లకు సాధారణంగా 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీలకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడతారు. 20 ఆంపియర్ల ఎంసీబీ నుంచి వచ్చిన 2.5 వైరుకు చివర 1.5 ముక్క అతికిస్తే, ఆ ముక్క ఉడికిపోతున్నా ఎంసీబీకి పట్టదు. షాపులో ఇప్పటికీ కొందరు పెద్దవారు ‘త్రీ ట్వంటీటూ’ అని అడుగుతారు. అది 22 గేజి పోగులు మూడు ఉన్న పాత కొలత, లెక్క కడితే సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లే. దాన్ని 1.5తో సమానమనుకుని కొనకూడదు.

ఇన్సులేషన్ ఒలవడం

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ జాయింటు పాడయ్యేది చాలాసార్లు ఇక్కడే. 2.5 చదరపు మిల్లీమీటర్ల ఫ్లెక్సిబుల్ వైరులో 0.3 మిల్లీమీటర్ల పోగులు 36 ఉంటాయి, 1.5లో 22. పళ్లతో కొరికో, బ్లేడుతో చుట్టూ కోసో, కటింగ్ ప్లేయరుతో నొక్కి లాగో ఒలిచినప్పుడు ఆరు పోగులు తెగిపోతే, సరిగ్గా వేడెక్కకూడని చోటనే 2.5 వైరు దాదాపు 2 అయిపోయిందన్నమాట. సైజు గుర్తులు ఉన్న వైర్ స్ట్రిప్పరు వాడి, ఒలిచాక ఊడి వచ్చిన ఇన్సులేషన్ ముక్క లోపలికి చూడండి. అందులో తెగిన పోగులు చిక్కుకుని కనిపిస్తే ఆ కొనను కత్తిరించేసి మళ్లీ ఒలవాలి. పాత వైరైతే రాగి మెరిసే దాకా వెనక్కు కోసుకుంటూ వెళ్లాలి. నల్లబడిన రాగిని గీకి సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. పోగుల మధ్య నలుపు గీకుడుకు అందదు. కోస్తే వైరు చాలదనుకుంటే, అది కొత్త వైరు లాగవలసిన చోటని అర్థం.

కలపడం

ఇప్పుడు దొరికేవాటిలో నేను ముందుగా చెప్పేది లీవర్ కనెక్టరు. దాని మీద ఎంత మందం వైరు పడుతుందో, ఎన్ని ఆంపియర్లు ఆగుతుందో, ఎంత పొడవు ఒలవాలో అచ్చు వేసి ఉంటుంది. సాధారణంగా ఒలవవలసింది 11 మిల్లీమీటర్లు. లీవరు పైకి ఎత్తి, పోగులు విడిపోకుండా కొనను కొద్దిగా సవరించి, పారదర్శకమైన గుల్లలో చివరి గోడకు తగిలే దాకా తోసి, లీవరు దించాలి. బయట రాగి కనిపిస్తే ఎక్కువ ఒలిచినట్టు, లోపల గోడకు తగలకపోతే తక్కువ ఒలిచినట్టు. తరువాత ఒక్కో వైరునూ విడివిడిగా లాగి చూడాలి. దీనికి టేపు అక్కర లేదు. అయితే ముప్పై రూపాయల వస్తువుకు ఐదు రూపాయల నకలు కూడా ఉంటుంది కాబట్టి, లోపలి స్ప్రింగు మెత్తగా ఉన్నవీ, రేటింగు అచ్చు లేనివీ తీసుకోకండి.

స్క్రూ కనెక్టర్లు, అంటే పాత పోర్సలీన్ దిమ్మెలూ ప్లాస్టిక్ పట్టీలూ, ఇప్పటికీ పనికివస్తాయి. చిక్కేమిటంటే స్క్రూ కొన నేరుగా సన్నని పోగుల మీద తిరిగి వాటిని తెంపుతుంది. అందుకే పోగుల కొనకు పిన్ లగ్గును (లోహపు కొన తొడుగును) క్రింప్ చేసి, అంటే టూలుతో నొక్కి బిగించి, అప్పుడు దూర్చాలి. కొందరు పోగుల మీద సీసం పోసి గట్టిపరిచి స్క్రూ కింద పెడతారు. చూడటానికి చక్కగా ఉంటుంది గానీ, సీసం మెత్తని లోహం, ఒత్తిడికి నెమ్మదిగా జరిగిపోతుంది. కొన్నాళ్లకు స్క్రూ వదులవుతుంది. స్క్రూ కిందికి పోయే కొనకు సీసం పోయవద్దు.

క్రింపింగ్ స్లీవులో రెండు వైర్లనూ ఎదురెదురుగా దూర్చి నొక్కే పద్ధతి గట్టిది. దానికి క్రింపింగ్ టూలే కావాలి; కటింగ్ ప్లేయరుతో చప్పిడి చేస్తే పైన నొక్కు పడుతుంది, లోపల పోగులు వదులుగానే ఉంటాయి. దీని మీద హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే ముడుచుకుని బిగిసే గొట్టం) వేసేవారు, దాన్ని కలపడానికి ముందే ఒక వైరుకు తొడిగి దూరంగా జరిపి పెట్టుకోవాలి. చెప్పడానికి ఇది ఎంత తేలికో చేయడానికి అంత మరపు. జాయింటు అంతా అయ్యాక టేబులు మీద మిగిలిపోయిన స్లీవును చూసి నాలుక కరుచుకోని వారు లేరు.

ఇక మెలితిప్పే జాయింటు. మన వీధులలో ఎక్కువగా కనిపించేది ఇదే కాబట్టి, వేస్తే సరిగా వేయడం తెలియాలి. పెట్టెలో రెండు వైర్లు ఒకే వైపు నుంచి వచ్చి లాగుడు లేనప్పుడు తోక జాయింటు వేస్తారు. రెండు కొనలనూ ఒకటిన్నర అంగుళం ఒలిచి, ఇన్సులేషన్ అంచులు రెండూ ఒకే గీతపై ఉండేలా పక్కపక్కన పట్టుకుని, ఎడమ చేతి ప్లేయరుతో ఇన్సులేషన్ అంచు దగ్గర పట్టి, కుడి చేతి ప్లేయరుతో కొనలను గడియారపు ముల్లు తిరిగే వైపు ఆరేడు మెలికలు తిప్పాలి. రెండు వైర్లూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగాలి. ఒకటి నిటారుగా ఉండి రెండోది దాని చుట్టూ తీగలాగా అల్లుకుంటే అది జాయింటు కాదు. చివరన మొనదేలిన పోగులను అర సెంటీమీటరు కత్తిరించి, కొనను ప్లేయరుతో వెనక్కు మడిచి అదిమేయాలి, లేకుంటే ఆ మొన రేపు టేపును పొడిచి బయటికి వస్తుంది. వైరు పొడవునా లాగుడు ఉండే చోట, ఒంటి కమ్మీ వైర్లను అడ్డంగా పెట్టి ఒక్కోదాన్ని రెండోదాని మీద ఐదారు చుట్లు బిగుతుగా చుట్టే పద్ధతి ఉంది. అమెరికాలోని ఒక టెలిగ్రాఫు కంపెనీ పేరు మీద దాన్ని వెస్టర్న్ యూనియన్ జాయింటు అంటారు. పోగుల వైరుకైతే కొనలను గొడుగులా విప్పి, ఒకదాని పోగుల మధ్య రెండోదాని పోగులు దూర్చి, అప్పుడు చుట్టాలి.

ఎలా మెలితిప్పినా, లైట్ల పాయింటును మించిన లోడుకు వట్టి మెలికను నేను ఒప్పుకోను. వేడెక్కినప్పుడు రాగి సాగుతుంది, చల్లారినప్పుడు ముడుచుకుంటుంది, రోజుకు రెండుసార్లు గీజరు వేసే ఇంట్లో ఈ సాగుడు ముడుచుకోవడాలే మెలికను వదులు చేస్తాయి. మెలికకు సీసం పోయాలి, లేదా మీద క్రింప్ తొడగాలి.

న్యూట్రల్ జాయింటును ఫేజు కంటే కూడా జాగ్రత్తగా వేయాలని గుర్తుంచుకోండి. మూడు ఫేజుల ఇంట్లో మెయిన్ దగ్గర న్యూట్రల్ వదులైతే, ఉపకరణాల మధ్య వోల్టేజి అడ్డదిడ్డంగా పంచుకుని, కొన్నింటి మీద 230కి బదులు 400కు దగ్గరగా వచ్చి పడవచ్చు. ఒకేరోజు టీవీ, ఫ్రిజ్, చార్జర్లు కట్టకట్టుకుని కాలిపోయాయంటే ముందుగా చూడవలసింది అక్కడే.

టేపు పని

ఇన్సులేషన్ కోసం ఐఎస్ఐ గుర్తు ఉన్న పీవీసీ ఎలక్ట్రికల్ టేపే వాడాలి. సెల్లో టేపు, ప్యాకింగు టేపు, దెబ్బలకు వేసే ప్లాస్టరు దీనికి పనికిరావు. వేళ్లకు చెమటగానీ నూనెగానీ ఉంటే తుడుచుకోండి. మన ఊరి మే నెలలో ఇది ఉత్త మాట కాదు, తడి తగిలిన జిగురు పట్టదు. జాయింటు మీద కాకుండా దానికి ఒక అంగుళం ఇవతల, మంచి ఇన్సులేషన్ మీద మొదలుపెట్టి, టేపు వెడల్పు కొద్దిగా సన్నబడే దాకా లాగుతూ, ప్రతి చుట్టూ వెనుకటి చుట్టులో సగాన్ని కప్పేలా ఏటవాలుగా చుట్టుకుంటూ, అవతలి వైపు ఇన్సులేషన్ మీదికి మరో అంగుళం వెళ్లాలి. సగం సగం కప్పడం వల్ల ఒక్క రాకకే రెండు పొరలు పడతాయి; అలాగే వెనక్కు వస్తే నాలుగు. చివరి చుట్టును మాత్రం లాగకుండా వదులుగా వేసి, కత్తెరతో కత్తిరించి, బొటనవేలితో రుద్దాలి. లాగి తెంపిన కొన సాగి ఉంటుంది కాబట్టి వెనక్కు ముడుచుకుని కొన్నాళ్లకు జెండాలాగా లేచి నిలబడుతుంది. అక్కడి నుంచే మొత్తం విప్పుకోవడం మొదలవుతుంది. తోక జాయింటులో కొన దాటి టేపును కొద్దిగా ముందుకు పోనిచ్చి, మడిచి, మళ్లీ వెనక్కు చుట్టాలి.

చేతి మందాన చుట్టడం భద్రత కాదు. వేడి బయటికి పోనివ్వని ముద్ద అది.

మూడు కోర్ల కేబులును కలిపేటప్పుడు మూడు జాయింట్లూ ఒకే చోట రాకుండా, ఒక్కోదాన్నీ అంగుళంన్నర తేడాతో మెట్లలాగా వేసుకోవాలి. అప్పుడు ఒక దాని టేపు జారినా పక్కదాని రాగి తగలదు. నేల మీద పడి ఉండే ఎక్స్‌టెన్షన్ వైరుకు మాత్రం జాయింటు అసలు వద్దు, కొత్తది కొనుక్కోండి. ఆరుబయట మోటారు కేబులు వంటివాటికి పీవీసీ టేపు ఒక్కటీ చాలదు. ముందు తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపును దాదాపు రెట్టింపు పొడవుకు సాగదీసి చుట్టి, దానిపైన పీవీసీ టేపు వేయాలి.

ఉప్పుగాలి ఉన్న ఊరిలో

లాసన్స్ బే కాలనీ, రుషికొండ, భీమిలి వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్లుకు ఏటా రంగు ఎందుకు వేయవలసి వస్తుందో, స్విచ్ బోర్డు లోపల రాగికి పచ్చపొడి పట్టేదీ అందుకే. సముద్రపు గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, ఆ ఉప్పుతేమలో రాగి తుప్పు పట్టి పచ్చబడుతుంది. సముద్రం వైపు గోడలలో ఇనుప పెట్టెలకు బదులు పీవీసీ పెట్టెలు, ఇనుప స్క్రూలకు బదులు ఇత్తడివి మేలు. బాల్కనీలో, మేడ మీద, గేటు స్తంభంలో ఉండే పెట్టెలకు రబ్బరు వాషరు మూత ఉండాలి, వైరు కింది నుంచి లోపలికి వెళ్లాలి. పై నుంచి దిగితే వర్షపు నీరు వైరు పట్టుకునే లోపలికి వస్తుంది. ఇలాంటి పెట్టెలను ఏడాదికోసారి, వానలు వెనకపట్టాక, మెయిన్ ఆపి తెరిచి చూడటం మంచి అలవాటు.

పాత ఇళ్లలో కొన్నింటికి ఇంకా అల్యూమినియం వైరింగు ఉంది. దాన్ని రాగితో నేరుగా మెలితిప్పకూడదు. రెండు వేరువేరు లోహాలు ఉప్పుతేమలో తగిలి ఉంటే అది చిన్న బ్యాటరీలా పని చేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. పైగా అల్యూమినియం మీద గాలి తగలగానే కరెంటును సాగనివ్వని ఆక్సైడు పొర ఏర్పడుతుంది, వేడికి అది రాగికన్నా ఎక్కువ సాగుతుంది. రెండు లోహాలకూ పనికివస్తుందని రాసి ఉన్న బైమెటాలిక్ లగ్గుగానీ కనెక్టరుగానీ, దానికి తగిన పేస్టుతో వాడాలి.

మూత బిగించే ముందు

ప్రతి వైరునూ మరోసారి లాగి చూడాలి. వైర్లు పెట్టెలో కుక్కినట్టు కాక ఒదిగినట్టు ఉండాలి; మూత స్క్రూ ఏ వైరునైనా పొడుస్తుందేమో చూడాలి. ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గరు (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) ఉంటే, ఉపకరణాలన్నీ ఊడదీయించి, ఆర్‌సీసీబీనీ ఎలక్ట్రానిక్ పరికరాలనూ విడదీయించి, ఫేజు న్యూట్రల్ కలిపి ఎర్తుతో 500 వోల్టుల వద్ద పరీక్షించమనండి. ఒక మెగా ఓముకు తక్కువ వస్తే ఎక్కడో ఇన్సులేషన్ దెబ్బతిన్నట్టే. కరెంటు ఇచ్చాక ఆర్‌సీసీబీ మీది టెస్టు బటను నొక్కి అది పడుతోందో లేదో చూసుకోండి.

ఆ తరువాత అసలు లోడు వేయాలి. గీజరైతే అరగంట వేసి, మెయిన్ ఆపి, పెట్టె మూత మీద అరచేతి వెనుక భాగం పెట్టి చూడండి. పక్క గోడకూ మూతకూ తేడా తెలియకపోతే సరే. మూత వెచ్చగా తగిలితే జాయింటు మళ్లీ విప్పవలసిందే. పనిలో ఎవరికైనా షాక్ తగిలి వదల్లేకపోతే వారిని చేత్తో పట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి, అది అందకపోతే పొడి కర్రతో తప్పించాలి, 108కి ఫోను చేయాలి. మంట వస్తే నీళ్లు చల్లకూడదు.

ఇవన్నీ అయ్యాక మూత లోపలి వైపు మార్కరు పెన్నుతో తేదీ, ఏ సర్క్యూటుదో, లోపల ఎన్ని జాయింట్లు ఉన్నాయో రాయించండి. పదేళ్ల తరువాత ఆ మూత విప్పేవారు ఎవరైనా కావచ్చు.